ర్యాంకులున్నాయి, బ్యూరెట్ ఏది?

జూలై వచ్చి గోదావరికి ఎర్రనీరు తగిలిందంటే ధవళేశ్వరం బ్యారేజీ మీద బళ్లు ఆపి చూసేవాళ్లు ఎక్కువవుతారు. 175 గేట్ల కిందినుంచి దూకే ఆ నీటిలో బంకమట్టి రేణువులు మరీ సన్నం. చెంబుతో ముంచి ఒక పూటంతా కదపకుండా ఉంచినా తేరుకోవు. పూర్వం బిందె లోపలి అంచుకు చిల్లగింజ అరగదీసేవారు, తర్వాత పటిక ముక్క తిప్పేవారు. కాసేపటికి మట్టి అడుక్కి దిగి పైన తేట నిలిచేది. బ్యారేజీ దాటి గౌతమిగా, వశిష్ఠగా చీలిన ఇదే నీరు అంతర్వేది దగ్గరో యానాం దిగువనో ఉప్పునీటిని తాకుతుంది. బిందెలో పటిక చేసిన పనే అక్కడ సముద్రపు ఉప్పు చేస్తుంది. రేణువుల మీదున్న రుణావేశం అణిగి, అవి ఒకదానికొకటి అతుక్కుని అడుక్కి దిగుతాయి.

ఇంటర్ రసాయన శాస్త్రంలో ఈ సంగతి కొల్లాయిడ్ల పాఠంలో ఉండేది. ఇలా రేణువులు అతుక్కుని దిగడమనే స్కందనానికి ఉదాహరణలు రాయమంటే డెల్టాలు ఏర్పడటం అని రాసి రెండు మార్కులు తెచ్చుకునేవాళ్లం. ఆ డెల్టా మన కాళ్ల కిందే ఉందని తరగతిలో ఎవరూ అనలేదు, మాకూ తట్టలేదు. ఇప్పుడు ఆ అవకాశమూ సన్నగిల్లింది. 2022లో ఎన్‌సీఈఆర్‌టీ పన్నెండో తరగతి పుస్తకం నుంచి తీసేసిన అధ్యాయాల్లో ఉపరితల రసాయన శాస్త్రం ఒకటి. 2024 నుంచి జేఈఈ మెయిన్ సిలబస్‌లోనూ అది లేదు. పరీక్షలో రానిది మన దగ్గర ఎవరూ చెప్పరు కాబట్టి, ఎర్రనీరు ఎందుకు తేరుతుందన్న ప్రశ్న గోదావరి ఒడ్డున చదివే పిల్లల ముందుకు ఇక రాదన్నమాట.

రసాయన శాస్త్రంలో పైకి రావాలనే పట్టుదల ఉన్న పిల్లకు ఈ ప్రాంతంలో ఏం దొరుకుతోందని అడిగితే, పోటీ దొరుకుతోంది, రసాయన శాస్త్రం దొరకడం లేదనే చెప్పాలి. ఆ మాట ఊరికే అనడం లేదు.

రాజమహేంద్రవరంలో ఏ కూడలిలో నిలబడినా ర్యాంకుల ఫ్లెక్సీలే కనిపిస్తాయి. ఆరో తరగతి నుంచే ఫౌండేషన్ బ్యాచ్‌లు, వాటికి ఒలింపియాడ్ అనే తోక. ఆ పేరుతో నడిచే ప్రైవేటు పరీక్షలూ బోలెడు. ఫీజు కడితే బడిలోనే రాయిస్తారు, చాలామందికి ఏదో ఒక పతకం వస్తుంది. తండ్రికి సంతోషం, బడికి కరపత్రం. అసలు ఒలింపియాడ్ దారి వేరు. నవంబరులో జరిగే నేషనల్ స్టాండర్డ్ ఎగ్జామినేషన్ ఇన్ కెమిస్ట్రీ దానికి మొదటి మెట్టు. అందులో నెగ్గిన కొన్ని వందల మందికి జనవరి చివరలోనో ఫిబ్రవరిలోనో జాతీయ ఒలింపియాడ్ ఉంటుంది. అక్కడ మిగిలిన కొన్ని పదుల మందిని వేసవిలో ముంబయిలోని హోమీ భాభా విజ్ఞాన విద్యా కేంద్రానికి పిలిచి శిక్షణ ఇస్తారు. చివరికి నలుగురు దేశం తరఫున వెళ్తారు. పదో తరగతి లోపు పిల్లలకు జూనియర్ సైన్స్‌లో ఇలాంటిదే మరో దారి ఉంది. పాత ప్రశ్నపత్రాలు, జవాబులు ఆ కేంద్రం ఇంటర్నెట్‌లో ఉచితంగానే పెట్టింది. ధవళేశ్వరం ప్రభుత్వ బడిలో చదివే పిల్లకు ఈ నాలుగు ముక్కలు చెప్పేవాళ్లు లేకపోవడమే మొదటి అడ్డంకి.

అంతర్జాతీయ కెమిస్ట్రీ ఒలింపియాడ్ 1968లో ప్రాగ్‌లో పుట్టింది. చెకోస్లవేకియా, పోలండ్, హంగేరీ అనే మూడు దేశాల నుంచి పద్దెనిమిది మంది పిల్లలు. మన దేశం 1999లో బ్యాంకాక్‌లో తొలిసారి పాల్గొంది, 2001లో ముంబయిలో ఆతిథ్యమిచ్చింది. ఆ పోటీకి రెండు పరీక్షలు, ఒక్కోటి ఐదు గంటలు. రాతపరీక్షకు 60 శాతం, ప్రయోగానికి 40 శాతం. నలభై శాతమంటే మాటలు కాదు. రక్షణ కళ్లద్దాలు పెట్టుకుని, ఏప్రన్ కట్టుకుని, పేరు రాయని సీసాల్లోని ద్రావణాలను ఒకదాంతో ఒకటి కలిపి చూసి ఏది ఏదో తేల్చాలి. ఒక పదార్థాన్ని తయారుచేసి, ఎంత వచ్చిందో తూచి, ఎంత శుద్ధంగా ఉందో చూపాలి. టైట్రేషన్‌లో ఆఖరి చుక్క దగ్గర చెయ్యి ఆగాలి. ఇవేవీ ఆప్షన్లలో దొరికే జవాబులు కావు.

మన కోచింగ్ పద్ధతిని తీసిపారేయడం నా ఉద్దేశం కాదు. లెక్క వేగంగా చేయడంలో మన పిల్లలకు మంచి తర్ఫీదు ఉంది. మోల్ భావన, సమతాస్థితి, కర్బన చర్యల క్రమం, ఇవన్నీ పదహారేళ్లకే వాళ్ల వేళ్ల మీద ఉంటాయి. బహుళైచ్ఛిక ప్రశ్నల మొదటి మెట్టు వాళ్లకు కష్టం కాదు. చిక్కు రెండో మెట్టు నుంచి వస్తుంది. అక్కడ ఎందుకో రాయాలి. మూడో మెట్టులో చేసి చూపాలి.

చేతులతో చేయడమంటే మన కాలేజీల్లో ఏం జరుగుతుందో చదివినవాళ్లందరికీ తెలుసు. ప్రాక్టికల్స్ సంగతి సంక్రాంతి సెలవుల తర్వాత గుర్తొస్తుంది. నేను చదివిన చోట సాల్ట్ అనాలిసిస్‌కు ఏ సాల్ట్ ఇస్తారో ముందు రోజే తెలిసిపోయేది. నా రికార్డులోని టైట్రేషన్ రీడింగులు నేను చదివినవి కావు, ముందటేడు సీనియర్ రికార్డులోవి. దిద్దినవాళ్లు ఎర్ర సిరాతో టిక్కు పెట్టారు, మంచి మార్కులే వేశారు. ఆ టిక్కు వల్ల నాకు పోయిందేమిటో తర్వాత ఎప్పటికో తెలిసింది. మూడు రీడింగులు ఒకేలా రాకపోతే తప్పు ఎక్కడుందో వెతకడమే ఆ పాఠం. బ్యూరెట్‌లో గాలి బుడగ ఉందా, పిపెట్ చివర చుక్క ఊదేశామా, సూచిక ఎక్కువైందా? ముందే సరిపోయిన రీడింగులు రాసుకున్నవాడికి ఆ వెతుకులాటే ఉండదు.

విచిత్రమేమిటంటే టైట్రేషన్ ఈ డెల్టాలో చచ్చిపోలేదు. రోజూ వందల సార్లు జరుగుతోంది, కాకపోతే బడిలో కాదు. భీమవరంలోనో, కోనసీమలోనో, కాకినాడ వైపో ఏ ఆక్వా ల్యాబుకైనా పొద్దున్నే వెళ్లండి. రొయ్యల రైతులు సీసాల్లో చెరువు నీళ్లు పట్టుకుని వరసలో ఉంటారు. ఆల్కలినిటీ, హార్డ్‌నెస్, అమోనియా, పీహెచ్ ఎంతో చెప్పమంటారు. లోపల డిగ్రీ చదివిన ఒక కుర్రాడు బ్యూరెట్ కొళాయి తిప్పుతూ రంగు మారే క్షణం కోసం చూస్తుంటాడు. అతని అంకె మీద లక్షల రూపాయల పంట ఆధారపడి ఉంటుంది.

ఆ సీసాలో ఎంత మంచి ఒలింపియాడ్ ప్రశ్న ఉందో చూడండి. చెరువు నీటిలో అమోనియా రెండు రూపాల్లో ఉంటుంది. అమోనియం అయాన్‌గా ఉన్నప్పుడు రొయ్యకు పెద్దగా ప్రమాదం లేదు. ఆవేశం లేని అమోనియా అణువుగా ఉన్నది మాత్రం మొప్పల్లోంచి లోపలికి దూరి చంపేస్తుంది. ల్యాబు చెప్పే అంకె చాలాసార్లు రెండూ కలిపిన మొత్తం. 25 డిగ్రీల దగ్గర ఈ సమతాస్థితి పీకేఏ విలువ సుమారు 9.25. పీహెచ్ 7.5 ఉన్నప్పుడు మొత్తం అమోనియాలో విషరూపం రెండు శాతం లోపే. పీహెచ్ 8.5కు చేరితే అదే చెరువులో, అదే మొత్తం అమోనియాలో, విషరూపం పదిహేను శాతం. నీరు వేడెక్కితే ఇంకాస్త ఎక్కువ. మరి పీహెచ్ ఎప్పుడు పెరుగుతుంది? మధ్యాహ్నం. ఎండలో నాచు కార్బన్ డయాక్సైడును లాక్కుంటుంది కాబట్టి నీటిలో ఆమ్లత్వం తగ్గుతుంది. రాత్రయితే కథ తిరగబడుతుంది. నాచు, రొయ్యలు, బురదలోని సూక్ష్మజీవులు అన్నీ ఊపిరి తీస్తాయి. పీహెచ్ దిగుతుంది, తెల్లవారుజామున ఆక్సిజన్ పడిపోతుంది, రొయ్యలు పైకి తేలతాయి. అందుకే ఏరియేటర్లు రాత్రంతా తిరుగుతాయి. అంటే అమోనియా కోసం నీళ్లు పట్టాల్సింది మధ్యాహ్నం, ఆక్సిజన్ కోసం చూడాల్సింది తెల్లవారుజామున. పొద్దున ఎనిమిదింటికి పట్టిన ఒక్క సీసా ఈ రెండు ప్రమాదాల్లో దేన్నీ పూర్తిగా చూపదు.

ఈ లెక్కకు కావలసిన సూత్రం ఇంటర్ మొదటి సంవత్సరంలోనే ఉంది. బఫర్ ద్రావణాల పాఠంలో హెండర్సన్ సమీకరణం పేరుతో మన పిల్లలు దాన్ని నూరుసార్లు వాడతారు. కానీ ఎప్పుడూ అర లీటరు అమోనియం క్లోరైడ్ ద్రావణానికే వాడతారు, నాన్న చెరువుకు ఎప్పుడూ వాడరు. మంచి ఒలింపియాడ్ ప్రశ్నలు నడిచే దారి అది. తెలిసిన సూత్రాన్ని తెలియని చోట పెట్టి, ముందు పరిస్థితిని అర్థం చేసుకోమంటాయి. ఆతిథ్య దేశం కొన్ని నెలల ముందే సన్నాహక ప్రశ్నలు ప్రపంచమంతటికీ విడుదల చేస్తుంది. తమ దేశపు ఖనిజాలో, మందులో, నదులో చాలాసార్లు వాటిలో కనిపిస్తాయి. ధవళేశ్వరంలో ఎవరైనా అలాంటి ప్రశ్నలు రాయాలనుకుంటే సరుకుకు కొదవలేదు. గోదావరి ఆనకట్ట కట్టిన కాటన్ పేరిట ఉన్న మ్యూజియం గేటు దగ్గరే మొదలుపెట్టవచ్చు. 1847లో మొదలై 1852లో పూర్తయిన పాత ఆనకట్ట కాలంలో సిమెంటు మన దగ్గరకు రాలేదు. మామూలు సున్నం గాలిలోని కార్బన్ డయాక్సైడును పీల్చుకుని గట్టిపడుతుంది. నీటి అడుగున దానికి గాలి అందదు. మరి నీటిలో నిలిచే సున్నపు కట్టడం ఎలా సాధ్యం? ఇటుక పొడి, అంటే సుర్కీ, కలిపితే ఏమవుతుంది? అందులోని సిలికా, అల్యూమినాలతో సున్నం ఏ సమ్మేళనాలు ఇస్తుంది? పదో తరగతి పిల్లలు సున్నం, సుర్కీ వేర్వేరు పాళ్లలో కలిపి, బిళ్లలు పోసి, నీటిలో వేసి నెల తర్వాత గోటితో గీకి చూడవచ్చు.

గోదావరి దాటి కొవ్వూరు వెళ్తే ఆంధ్రా షుగర్స్ వారి కాస్టిక్ సోడా కర్మాగారంలో ఉప్పునీటి విద్యుద్విశ్లేషణ నడుస్తోంది. అదే సంస్థ తణుకులో ఇస్రో రాకెట్లకు ద్రవ ఇంధనం తయారుచేస్తుంది. రాజమహేంద్రవరంలో కాగితం మిల్లు, కాకినాడలో ఎరువుల కర్మాగారం. రసాయన పరిశ్రమ ఇంత దగ్గరగా ఉన్న చోట దాన్ని నల్లబల్ల మీది సమీకరణంగానే చూసి పిల్లలు ఇంటర్ దాటేస్తున్నారు. నాకు బాధ కలిగించేది ఇదే.

ఈ నేల మనిషి ఒకరి సంగతి ఇక్కడ చెప్పకుండా ఉండలేను. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు కొంతకాలం రాజమండ్రిలో చదివారు. అయినవాళ్ల మరణాలతో చదువు చెదిరింది. మెట్రిక్యులేషన్ మూడో ప్రయత్నంలో, మద్రాసులో గట్టెక్కారు. ఇప్పటి మన లెక్కల్లో అలాంటి కుర్రాడు చిట్టచివరి సెక్షన్‌లో ఉండేవాడు. 1925లో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి ఆయన ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతి ప్రచురించారు. ఫాస్ఫేటు మాలిబ్డేటుతో కలిసి, క్షయకరణం చెందితే నీలం రంగు వస్తుంది. ఆ నీలం ఎంత చిక్కగా ఉంటే ఫాస్ఫరస్ అంత ఉన్నట్టు. రంగు చూసి కొలవడం, అంతే. ఆ కొలత చేతికొచ్చాకే కండరాల్లో ఫాస్ఫోక్రియాటిన్‌ను, ఏటీపీని ఆయన, ఫిస్క్ గుర్తించగలిగారు. తర్వాత లెడర్లే ప్రయోగశాలలో ఆయన నడిపిన పరిశోధన నుంచే ఫోలిక్ ఆమ్లం తయారీ, క్యాన్సర్‌కు మెథోట్రెక్సేట్, బోదకాలుకు హెట్రజాన్ అనే డీఈసీ మందు వచ్చాయి. గోదావరి జిల్లాల్లో బోదకాలు ఎంత మందిని పీడించిందో పాతతరానికి చెప్పనక్కర్లేదు. ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ వచ్చి మింగించిన డీఈసీ మాత్ర భీమవరంలో పుట్టిన మనిషి పరిశోధన ఫలం. ఆ కథను మనం దేశభక్తి పాఠంగా చెబుతాం. నేను దాన్ని కొలత పాఠంగా చెప్పమంటాను. సుబ్బారావుగారి మాలిబ్డినం నీలానికి దగ్గరి చుట్టాలైన పద్ధతులతోనే ఈనాటికీ భూసార పరీక్షా కేంద్రాలు మట్టిలో భాస్వరం చూస్తాయి. కాస్త జాగ్రత్తగా చెప్పేవారుంటే తొమ్మిదో తరగతి పిల్లలు పంటకాలువ నీటిలో ఎరువు ఎంత కొట్టుకొస్తోందో ఆ నీలంతోనే అంచనా వేయగలరు.

చెప్పేవారుంటే అన్నాను. మన హైస్కూళ్లలో ఫిజికల్ సైన్స్ పేరుతో భౌతిక, రసాయన శాస్త్రాలు రెండూ ఒకే టీచరు చెబుతారు. సిలబస్ పూర్తిచేయాలి, వెనకబడిన పిల్లలకు అదనపు తరగతులు పెట్టాలి, ఫలితాల శాతం చూపాలి. ఆయన్నే ఒలింపియాడ్ కూడా చూసుకోమనడం అన్యాయం. అందుకే ఇది ఒక్కో బడి చేయగల పని కాదు, ఊరు చేయాలి. ఏడాదిలో ఎక్కువ రోజులు తాళం వేసి ఉండే జూనియర్ కాలేజీ ల్యాబును నెలకు రెండు ఆదివారాలు తెరిస్తే చాలు. మిల్లులో, ఎరువుల ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరైన కెమిస్టులు ఈ ఊళ్లలో ఎంతోమంది ఉన్నారు. ఆక్వా ల్యాబుల్లోని కుర్రాళ్లకు టైట్రేషన్ చేయి తిరిగిన విద్య. రాజమహేంద్రవరంలో శతాబ్దం దాటిన ప్రభుత్వ కళాశాల, నన్నయ విశ్వవిద్యాలయం ఉన్నాయి. ఎమ్మెస్సీ విద్యార్థులు ఒక్కో ఆదివారం ఇద్దరు వచ్చినా సరిపోతుంది. పది బ్యూరెట్లు, ఒక తూకం యంత్రం, ప్రతి పిల్లకూ కళ్లద్దాలు. కళ్లద్దాల దగ్గర మాత్రం పీనాసితనం పనికిరాదు. అంతర్జాతీయ పోటీలో అవి లేకుండా ల్యాబులోకి అడుగే పెట్టనివ్వరు.

పునాది లేదని అనుకోనక్కర్లేదు. జన విజ్ఞాన వేదిక వారి చెకుముకి సైన్స్ సంబరాలు బడి నుంచి మండలానికి, జిల్లాకు, రాష్ట్రానికి పిల్లలను జట్లుగా తీసుకెళ్తున్నాయి. తెలుగులో రాసే అవకాశమూ వాటిలో ఉంది. ఆ సంబరాల్లో మండల స్థాయి దాటిన ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలే ఆదివారం ల్యాబుకు మొదటి బ్యాచ్ కావాలి. ర్యాంకు చూసి ఎంపిక చేయడం కన్నా ఇది మంచి జల్లెడ.

భాష గురించి ఒక మాట. అంతర్జాతీయ ఒలింపియాడ్‌లో పరీక్షకు ముందు రోజు ప్రతి దేశపు ఉపాధ్యాయులు రాత్రంతా కూర్చుని ప్రశ్నపత్రాన్ని తమ భాషలోకి మారుస్తారు. హంగేరీ పిల్ల హంగేరియన్‌లో, థాయ్ పిల్ల థాయ్‌లో రాస్తుంది. ప్రపంచంలోకెల్లా కష్టమైన స్కూలు కెమిస్ట్రీ పరీక్షకు సొంత భాష అడ్డు కాలేదు. మన బడుల్లో మాత్రం అర్థం కాని ఇంగ్లిష్ మాటలకు, ఎవరూ పలకని తెలుగు మాటలకు మధ్య పిల్లలు నలుగుతున్నారు. స్కందనం అంటే తెల్లమొహం వేసే పిల్లకు పాలు విరగడం తెలుసు. నీరు తేరడం, ఇత్తడికి చిలుము పట్టడం, పిండి పులియడం, పసుపులో సున్నం పడితే పారాణి ఎర్రబడటం, ఇవన్నీ వంటింట్లో పుట్టిపెరిగిన రసాయన శాస్త్రపు మాటలు. ఆదివారం ల్యాబులో ముందు ఈ మాటలతో మొదలుపెట్టి, చేత్తో చేయించి, ఆ తర్వాత పుస్తకంలోని పేరు చెప్పాలి. ఇంగ్లిష్ పేరు కూడా అప్పుడే చెప్పాలి, అది కూడా కావాలి కాబట్టి.

ఇంత చేసి ఒక్క పిల్లయినా ఆ నలుగురిలో చేరుతుందా అని అడిగేవారు ఉంటారు. దేశం మొత్తానికి నలుగురు, ఆ అంకె మీద ఆశ పెట్టుకుని పని మొదలుపెట్టమని నేను చెప్పను. నవంబరు పరీక్ష రాసేందుకు ధవళేశ్వరం నుంచి పదిమంది పేర్లు నమోదైనా, వాళ్లలో ఇద్దరు రెండో మెట్టు ఎక్కినా మంచిదే. ఎక్కని ఎనిమిది మందికి కూడా చేతిలోకి వచ్చిన విద్య పోదు. రేపు ఆక్వా ల్యాబు నడిపేది, భూసార కార్డు మీద అంకె వేసేది వాళ్లే. ఆ అంకె నిజంగా కొలిచిందో, పాత రికార్డులోదో, దానిమీదే రైతు పంట నిలబడాలి.

నమోదు ఆగస్టు, సెప్టెంబర్లలో జరుగుతుంది. ఎర్రనీరు కూడా సరిగ్గా అప్పుడే ఉంటుంది. మొదటి ఆదివారానికి పెద్ద సరంజామా అక్కర్లేదు. బ్యారేజీ దిగువ రేవులో ముంచిన నీరు నాలుగు గ్లాసుల్లో పోయండి. ఒకదాన్ని అలాగే వదిలేయండి. రెండోదాంట్లో ఉప్పునీరు, మూడోదాంట్లో కాల్షియం క్లోరైడ్ ద్రావణం, నాలుగోదాంట్లో పటిక నీరు చుక్కచుక్కగా వేస్తూ కలపండి. ద్రావణాలన్నీ ఒకే గాఢతలో ఉండాలి. నీరు తేరడానికి ఏది ఎన్ని చుక్కలు పట్టిందో పిల్లలు సొంత చేత్తో రాయాలి, పక్కవాడి అంకె చూడకూడదు. చుక్కల సంఖ్యల మధ్య తేడా ఎంత పెద్దదో చూశాక సోడియం, కాల్షియం, అల్యూమినియం అయాన్ల మీద ఎంతెంత ఆవేశం ఉంటుందో అడగండి. ఆ తర్వాత డెల్టా దగ్గరకు రండి. నది సముద్రాన్ని చేరేసరికి వేగం కూడా తగ్గుతుంది కదా, మట్టి దిగడంలో ఉప్పు వాటా ఎంత, నీటి నెమ్మది వాటా ఎంత? పుస్తకంలో ఆ జవాబు లేదు, పిల్లలు వాదించుకుంటారు. వాదన ఒక కొలిక్కి వస్తుండగా నాలుగో గ్లాసులాంటిదే మరొకటి తీసుకుని పటిక కాస్త ఎక్కువ వేయమనండి. తేరాల్సిన నీరు ఒక్కోసారి మబ్బుగానే ఉండిపోతుంది. ఎందుకో వెంటనే చెప్పకండి, రెండు వారాల తర్వాత మళ్లీ రమ్మనండి.